చలికాలంలో ఇల్లు కొనాలా, ఏప్రిల్ దాకా ఆగాలా? (మిషిగన్)

ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి (ప్రశ్న)

అందరికీ నమస్కారం అండి. మేం హైదరాబాద్ నుంచి ఇక్కడికి వచ్చి రెండేళ్ళు కావస్తోంది. నాది హెచ్1బీ, మా ఆవిడది హెచ్4, పాప ఒకటో తరగతి. అపార్ట్‌మెంట్ లీజు ఫిబ్రవరి ఆఖరుకి అయిపోతుంది, రెన్యువల్‌కి అద్దె బాగా పెంచారు. అందుకని డెట్రాయిట్ శివార్లలోని నోవై, కాంటన్, నార్త్‌విల్ వైపు ఇళ్ళు చూడటం మొదలుపెట్టాం.

ఆఫీసులో ఒకాయన చలికాలంలో అయితే చవగ్గా కొట్టేయొచ్చు అంటాడు. మా ఏజెంటేమో ఇప్పుడు మార్కెట్లో ఇళ్ళే లేవు, ఏప్రిల్ దాకా ఆగండి అంటోంది. గుంటూరు నుంచి నాన్నగారు ఫోన్ చేసి ధనుర్మాసంలో ఇల్లు కొనడమేంట్రా అని కోప్పడుతున్నారు. డౌన్ పేమెంట్‌లో కొంత ఆయనే సర్దుతానన్నారు కాబట్టి ఆయన మాట కాదనలేను. నా అసలు భయం వేరే ఉంది. కప్పు మీద అడుగు మంచు, లాన్ కనపడదు, ఏసీ వేసి చూడలేం. ఏం చూసి కొంటాం? చలికాలంలో కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

కాంటన్ నుంచి

తమ్ముడూ, ముందు ఆ చవక సంగతి మర్చిపో. జనవరిలో కొన్నంత మాత్రాన యాభై వేలు తగ్గించి చేతిలో పెట్టేవాళ్ళు నోవైలో లేరు. స్కూళ్ళు బాగున్న చోట ఏ నెలలో అమ్మినా ధర దగ్గర దగ్గరగానే పలుకుతుంది. చలికాలంలో నీకు దొరికేది టైము. ఏప్రిల్‌లో ఎలా ఉంటుందంటే, గురువారం లిస్టింగ్ (అమ్మకం ప్రకటన) వస్తుంది, శనివారం గుంపులో పడి ఇరవై నిమిషాలు చూస్తావు, ఆదివారం సాయంత్రానికల్లా ఆఖరి ఆఫర్ ఇమ్మంటారు. అప్రైజల్ (బ్యాంకు ఇంటికి కట్టించే విలువ) తక్కువొస్తే ఆ తేడా జేబులోంచి కడతానని రాయమంటారు, ఇన్‌స్పెక్షన్ (నిపుణుడితో ఇల్లు పరీక్ష చేయించుకోవడం) వదులుకుంటే ఇంకా మంచిదంటారు. మనవాళ్ళు కొందరు అదీ వదులుకుని కొన్నారు. అదే జనవరిలో అయితే ఒకే ఇంటికి పగలోసారి, రాత్రోసారి వెళ్ళొచ్చు. ఇన్‌స్పెక్షన్‌కి వారం, పది రోజులు గడువు అడిగితే ఇస్తారు. నా లెక్కలో దీని విలువ ధరలో పదివేలు తగ్గడం కంటే ఎక్కువ.

మీ ఏజెంటు చెప్పింది అబద్ధం కాదు, ఇళ్ళు తక్కువే ఉంటాయి. కానీ డిసెంబరులో బోర్డు పెట్టినవాడికి ఏదో అవసరం ఉండే ఉంటుంది. ట్రాన్స్‌ఫరో, కొత్త ఇల్లు పూర్తయి రెండు లోన్లు కడుతుండటమో, పెద్దవాళ్ళు పోయి పిల్లలు అమ్ముతుండటమో. ఆ కారణం ఏమిటో కనుక్కోమని ఏజెంటుకి చెప్పు. అలాగే లిస్టింగ్ చరిత్ర మొత్తం తీయించు. అక్టోబరులో అమ్ముడుపోక తీసేసి, జనవరిలో కొత్తదానిలా మళ్ళీ పెట్టిన ఇళ్ళుంటాయి. పైకి ఐదు రోజుల లిస్టింగ్‌లా కనపడుతుంది, నిజానికి నాలుగు నెలల పాతది. ఇంకో మాట. 2024 ఆగస్టు 17 నుంచి, ఏజెంటు నీకు ఇల్లు చూపించాలంటే ముందుగా రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఫీజు ఎంత, ఎన్నాళ్ళు అన్నది అందులో ఉంటుంది. ఏడాదికి సంతకం పెట్టకు, రెండు మూడు నెలలు చాలు.

ఇప్పుడు ఈ రాష్ట్రంలో చలికాలానికే ప్రత్యేకమైన విషయం. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న స్నేహితుల్ని అడిగితే వాళ్ళకి తెలియదు. జాగ్రత్తగా చదువు.

మిషిగన్‌లో 1994లో ఓటర్లు ప్రపొజల్ ఏ అనేదాన్ని ఆమోదించారు. దాని ప్రకారం ఇంటికి రెండు విలువలుంటాయి. ఒకటి ఎస్‌ఈవీ (స్టేట్ ఈక్వలైజ్డ్ వాల్యూ), అంటే మార్కెట్ విలువలో సగం. రెండోది ట్యాక్సబుల్ వాల్యూ, పన్ను దీని మీదే వేస్తారు. యజమాని మారనంత కాలం ఈ రెండోది ఏడాదికి ద్రవ్యోల్బణం లేదా 5 శాతం, ఏది తక్కువైతే అంతే పెరుగుతుంది. అందుకే ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళ పన్ను పక్కింటి కొత్తవాళ్ళ పన్నుతో పోలిస్తే చాలా తక్కువ. ఇల్లు చేతులు మారితే, మారిన సంవత్సరానికి తర్వాతి సంవత్సరం ఆ పెంపు పరిమితి తీసేస్తారు. ట్యాక్సబుల్ వాల్యూ ఒక్కసారిగా ఎస్‌ఈవీ దాకా లేస్తుంది. అన్‌క్యాపింగ్ అంటారు.

లెక్క చూడు. 5 లక్షల డాలర్ల ఇల్లు, ఎస్‌ఈవీ 2.5 లక్షలు, పాత యజమాని ట్యాక్సబుల్ 1.5 లక్షలు అనుకుందాం. పన్ను 35 మిల్లులు అనుకో, అంటే వెయ్యికి 35 డాలర్లు. పాత పన్ను ఏడాదికి 5,250, కొత్తది 8,750. డిసెంబరు 30న క్లోజింగ్ (సంతకాలయి ఇల్లు నీ పేరు మీదికి రావడం) చేస్తే రెండు రోజుల్లో వచ్చే కొత్త సంవత్సరం నుంచే 8,750. జనవరి 5న చేస్తే ఆ ఏడాదంతా దాదాపు పాత పన్నే కడతావు, పెంపు ఆపై ఏడాది మొదలవుతుంది. వారం తేడాకి 3,500 డాలర్లు. డిసెంబరులో ఏదైనా ఖాయం అయ్యేలా ఉంటే క్లోజింగ్ జనవరికి జరుపు.

లిస్టింగ్‌లో చూపించే పన్ను పాత యజమానిదని గుర్తుంచుకో. దాన్ని పట్టుకుని నెలవారీ ఖర్చు లెక్కేసుకోవద్దు. ఊరి అసెసర్ (ఇళ్ళకి విలువ కట్టే అధికారి) రికార్డులు చాలావరకు ఆన్‌లైన్లో ఉంటాయి. ఎస్‌ఈవీ, ట్యాక్సబుల్ రెండూ చూసి, ఎస్‌ఈవీ మీద నువ్వే లెక్కేసుకో. చలికాలపు పన్ను బిల్లు డిసెంబరు 1న వస్తుంది, చాలా ఊళ్ళలో ఫిబ్రవరి 14 దాకా గడువు. క్లోజింగ్ ఈ మధ్యలో పడుతుంది కాబట్టి ఆ బిల్లు ఎవరు కడతారు, ఎలా పంచుకుంటారు అన్నది పర్చేజ్ అగ్రిమెంట్‌లో రాసి ఉందో లేదో చూడు. క్లోజింగ్ టేబుల్ దగ్గర ఇద్దరి మధ్యా గొడవొచ్చేది ఎక్కువగా దీని దగ్గరే.

నోవై నుంచి

తమ్మీ, కాంటన్ అన్న పైసల లెక్క చెప్పిండు, నేను ఇంటి లెక్క చెప్త. నా పనే హీటింగ్, కూలింగ్ డిజైన్. దోస్తులల్ల ఎవరు ఇల్లు కొన్నా నన్ను ఎంబడి తీస్కపోతరు.

మంచు అడ్డమని నువ్వంటున్నవ్. సగమే నిజం. మంచు చెప్పే సంగతులు కొన్ని జూన్‌ల ఎవ్వరు చెప్పలేరు. మంచు పడి ఒక రోజు గడిచినంక ఆ గల్లీకి పో. కారు దిగకున్నా పర్లేదు. పక్క ఇండ్ల కప్పుల మీద మంచు సాపుగ తెల్లగ పరుచుకోని ఉండి, నువ్వు చూసే ఇంటి కప్పు మీద నడుమ నడుమ షింగిల్స్ (కప్పు మీది పలకలు) నల్లగ కనబడుతున్నయా? ఇంట్ల వేడి అటకల నుంచి పైకి పోతున్నదన్నట్టు. ఇన్సులేషన్ సరిగ లేదు, లేకుంటే బాత్రూం ఫ్యాన్ గొట్టాన్ని బయటికి తియ్యకుండ అటకలనే వదిలిపెట్టిన్రు. ఎండ పడే దిక్కు ముందుగాల కరుగుతది కాబట్టి ఒకే దిక్కున్న కప్పులనే పోల్చి చూడు.

అట్ల కరిగిన నీళ్ళు చూరు కాడికి వచ్చి మళ్ళ గడ్డకడ్తయి. అక్కడ కట్టలెక్క తయారైతది. దాని ఎనక నిలిచిన నీళ్ళు షింగిల్స్ కిందికెళ్ళి గోడలల్లకు దిగుతయి. ఐస్ డ్యామ్ అంటరు దాన్ని. చూరు పొడుగూత బారెడు బారెడు ఐసు కడ్డీలు ఏలాడుతుంటే ఫొటోకు మంచిగుంటది గాని, ఆ గోడ లోపలి మొఖం, సీలింగ్ మూలలు ఒకసారి చూడాలె. పసుపు మరక ఉన్నా, ఒక్క మూలకే కొత్త పెయింట్ కొట్టి ఉన్నా అడుగు.

ఇన్‌స్పెక్టర్ అటక ఎక్కినప్పుడు నువ్వు గూడ నిచ్చెన ఎక్కి తల పెట్టు. గడ్డకట్టే చలిల పైనుంచి దిగిన మేకుల మొనలకు తెల్లగ మంచు పట్టి ఉంటే లోపల తేమ ఎక్కువున్నట్టు. ప్లైవుడ్ మీద నల్లటి మచ్చలుంటే బూజు. కప్పు పైమొఖం కనబడకున్నా కిందిమొఖం కనబడుతది కదా, నీళ్ళు కారిన జాడ ఆడనే దొరుకుతది. ఇంకా, కప్పు ఎప్పుడు మార్చిన్రో సిటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్ల పర్మిట్ రికార్డుంటది. గూగుల్ స్ట్రీట్ వ్యూల ఎండాకాలం బొమ్మ దొరుకుతది, షింగిల్స్ అంచులు లేచినయా, డ్రైవ్‌వే పగిలిందా, నేల ఇంటి దిక్కు వాలి ఉందా అన్నీ తెలుస్తయి. పాత ఇల్లయి ముంగట పెద్ద చెట్టుంటే మురుగు పైపుల కెమెరా ఏపియ్యి. వేర్లు పైపులకు దూరి ఉంటయి.

ఫర్నేస్‌ను (ఇల్లు వేడి చేసే మిషన్) నిజంగ పరీక్ష పెట్టే కాలం ఇదే. థర్మోస్టాట్ 75 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పెట్టి, అరగంట సేపు ప్రతి అర్రలకు పోయి గాలి వచ్చే జాలీ మీద చెయ్యి పెట్టు. గరాజ్ మీదున్న బెడ్‌రూం తప్పకుండ చూడు, చాలా ఇండ్లల్ల అదొక్కటే చల్లగుంటది, మీ అమ్మానాయిన వచ్చినప్పుడు ఆ అర్రనే ఇస్తవు. ఫర్నేస్ మీది స్టిక్కర్ల తయారైన సంవత్సరం ఉంటది. పదిహేను, ఇరవై ఏండ్లు దాటిందంటే మార్చే ఖర్చు నీ లెక్కల ఏస్కో. లోపల హీట్ ఎక్స్‌చేంజర్ పగిలితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లకొస్తది, అది కంటికి కనబడదు, వాసన రాదు. ఫర్నేస్ పాతదయితే హీటింగ్ టెక్నీషియన్‌ను విడిగ పిలిపియ్యి, మామూలు ఇన్‌స్పెక్టర్ అంత లోపలికి పోడు.

ఏసీ సంగతి నువ్వన్నది నిజమే. బయట 60, 65 డిగ్రీల కన్నా తక్కువుంటే దాన్ని ఆన్ చెయ్యరు, కంప్రెసర్ పాడైతది. సర్వీసు చేయించిన బిల్లులు అడుగు. లేవంటే, పాతదయితే, అది పనిచెయ్యదనుకోనే బేరం ఆడు. స్ప్రింక్లర్ పైపులు గూడ గట్లనే, చలికి ముందు గాలి కొట్టి ఖాళీ చేసి పెడతరు, ఏప్రిల్ దాక తెల్వది.

బేస్‌మెంట్ మాత్రం మనల్ని మోసం చేస్తది జనవరిల. నేల గడ్డకట్టి ఉంటది, నీళ్ళు కదలయి, సంప్ పంప్ (బేస్‌మెంట్ గుంతల చేరిన నీళ్ళను బయటికి తోసేది) సప్పుడు జేయదు. అంత పొడిగ కనబడుతది. మార్చిల మంచు కరిగినప్పుడు అసలు రంగు బయటపడుతది. అందుకే గోడల మీద నేలకు జానెడు ఎత్తుల తెల్లటి ఉప్పు పొడి లెక్క ఉందా చూడు. నీళ్ళొచ్చి పోయిన గుర్తు అది. సంప్ గుంతల ఒక బకెట్ నీళ్ళు పొయ్యి. ఫ్లోట్ లేచి పంప్ నడవాలె, నీళ్ళు బయటికి పోవాలె. బయటి గొట్టం మూతి ఐసుతోని మూసుకపోయిందా చూడు. బ్యాటరీ బ్యాకప్ ఉందా అని అడుగు. 2023 ఫిబ్రవరి 22 ఐసు తుఫానుల ఈ చుట్టుపక్కల లక్షల ఇండ్లకు కరెంటు పోయింది. కరెంటు పోతే పంప్ ఆగుతది, నీళ్ళు ఆగవు.

రేడాన్ (నేలల నుంచి ఇంట్లకొచ్చే ప్రమాదకరమైన రేడియోధార్మిక వాయువు) పరీక్ష వద్దనకు. కిటికీలన్నీ మూసి కనీసం 48 గంటలు మిషన్ పెడతరు. లీటరు గాలికి 4 పికోక్యూరీలు, ఆపైన వస్తే సరిచేయించాలని ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) చెప్తది. చలికాలంల వేడిగాలి పైకి పోతుంటే కిందికెళ్ళి నేలల గాలిని గుంజుతది కాబట్టి ఈ నెలలల్ల రీడింగ్ ఎక్కువొచ్చేదే ఉంటది. మనకు అదే మంచిది, ఉన్నదున్నట్టు బయటపడుతది. ఎక్కువొస్తే భయపడి పారిపోవద్దు, ఒక పైపు, ఒక ఫ్యాన్ పెడితే తగ్గుతది. ఆ ఖర్చు అమ్మేటోడు పెట్టుకోవాలని అడుగు.

సౌత్ లయన్ నుంచి

కొత్త కన్‌స్ట్రక్షన్ కూడా చూస్తున్నావా? బిల్డర్లు కట్టి ఉంచిన ఇళ్ళని సంవత్సరాంతం లోపు వదిలించుకోవాలని చూస్తారు. ధర తగ్గించరు, ఆ వీధిలో మిగతావాటి రేటు పడిపోతుందని. వడ్డీ రేటు తగ్గించడం, క్లోజింగ్ ఖర్చులు, బేస్‌మెంట్ పని, ఇలా ఇస్తారు. అడగాల్సింది అక్కడ.

చలికాలంలో తారు పోయరు, పచ్చిక పరవరు. డ్రైవ్‌వే, లాన్, నేల వాలు సరిచేయడం అన్నీ వసంతానికి మిగిలిపోతాయి. సిటీ తాత్కాలిక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (అప్పటికి ఇంట్లో దిగడానికి అనుమతి) ఇస్తుంది. ఏమేం మిగిలాయి, ఏ తేదీలోపు చేస్తారు అన్నది ఒక్కొక్కటీ రాయించుకో, మాట మీద వదిలెయ్యకు. ఏడాది వారంటీ అయిపోవడానికి నెల ముందు నీ డబ్బుతో ఇన్‌స్పెక్టర్ని పెట్టుకుని ఇంకోసారి చూపించు.

పన్ను సంగతి ఇక్కడ ఇంకా ముఖ్యం. మిషిగన్‌లో విలువ కట్టేది డిసెంబరు 31న ఇల్లు ఎంతవరకు లేచి ఉందో దాన్ని బట్టి. ఆ రోజుకి పునాదే ఉంటే మొదటి ఏడాది బిల్లు స్థలం మీద, పునాది మీద వస్తుంది. బ్యాంకు ఆ చిన్న బిల్లు చూసి ఎస్క్రో (పన్ను కోసం కిస్తీతో కలిపి నెలనెలా తీసుకునే సొమ్ము) లెక్క కడుతుంది. ఆ తర్వాతి ఏడాది పూర్తి ఇంటి బిల్లు వచ్చినప్పుడు నెల కిస్తీ ఒక్కసారిగా ఐదారు వందలు పెరిగిందని ఈ గ్రూపులోనే ఏటా ఎవరో ఒకరు గగ్గోలు పెడతారు. మొదటి నెల నుంచే ఆ తేడా పక్కన పెట్టుకో.

రోచెస్టర్ హిల్స్ నుంచి

నేను మార్ట్‌గేజ్ అండర్‌రైటింగ్‌లో (ఇంటి లోను ఇవ్వొచ్చో లేదో పరిశీలించే పని) పనిచేస్తాను. లోను గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

మీరు హెచ్1బీ మీద ఉన్నారు. 2025 మే 25 నుంచి గ్రీన్‌కార్డు లేని వీసాదారులకి ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు (ప్రభుత్వ బీమా ఉన్న ఇంటి లోన్లు) ఆపేశారు. పాత పోస్టులు చూసి 3.5 శాతం డౌన్ పేమెంట్‌తో ఎఫ్‌హెచ్‌ఏకి వెళ్దామనుకోకండి. కన్వెన్షనల్ (ప్రభుత్వ బీమా లేని మామూలు) లోను ఒక్కటే మీకు దారి. 20 శాతం కంటే తక్కువ కడితే పీఎంఐ (లోను ఇచ్చినవాళ్ళ రక్షణకి మీరు కట్టే బీమా) పడుతుంది. ఐ-797 (హెచ్1బీ ఆమోద పత్రం), వీసా గడువు, రెండేళ్ళ ఉద్యోగ చరిత్ర అడుగుతారు. ఇండియాలో చేసిన ఉద్యోగం కూడా ఆ రెండేళ్ళలో కలుపుకోవచ్చు, అనుభవ పత్రాలు దగ్గర పెట్టుకోండి.

మీ నాన్నగారి డబ్బు. ఇండియాలో ఉన్న ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో ఎల్ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుంటుంది. అది పోయే డబ్బు కాదు, ఆయన రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, కానీ అన్నాళ్ళు చేతికి రాదు. అమ్మగారి ఖాతా నుంచి కొంత, నాన్నగారి ఖాతా నుంచి కొంత పంపితే ఇద్దరి పరిమితులూ వేరువేరు. మార్చి 31కి ఒక సంవత్సరం ముగిసి ఏప్రిల్ 1న కొత్తది మొదలవుతుంది కాబట్టి చలికాలంలో కొనేవారికి ఈ తేదీ పనికొస్తుంది. లోను ఫైల్లోకి గిఫ్ట్ లెటర్, ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్, వైరు వచ్చిన రుజువు కావాలి. క్లోజింగ్ వారంలో హడావిడిగా పంపకుండా ముందే తెప్పించుకోండి. ఒక క్యాలెండర్ సంవత్సరంలో తల్లిదండ్రుల నుంచి వచ్చిన బహుమతి మొత్తం లక్ష డాలర్లు దాటితే ఐఆర్‌ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖ) ఫారం 3520 ఇవ్వాలి. పన్ను ఉండదు, కానీ ఇవ్వకపోతే జరిమానా పెద్దది.

చలికాలంలో మా దగ్గర ఫైళ్ళు చెడేది రెండు చోట్ల. డిసెంబరు సేల్ అని ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ లోను మీద తీసుకుంటారు, దాంతో అప్పు నిష్పత్తి మారిపోయి అప్రూవల్ వెనక్కి పోతుంది. తాళాలు చేతికొచ్చాక కొనుక్కోండి. రెండోది ఇండియా ప్రయాణం. 2025 డిసెంబరులో హెచ్1బీ స్టాంపింగ్ అపాయింట్‌మెంట్లు చాలావాటిని నెలల తరబడి వెనక్కి జరిపారు. అక్కడ చిక్కుకుంటే పవర్ ఆఫ్ అటార్నీతో సంతకం పెట్టించొచ్చు గానీ అది మీ లెండరు, టైటిల్ కంపెనీ (క్లోజింగ్ కాగితాలు నడిపే సంస్థ) ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి. ఉద్యోగానికి తిరిగి రాలేని స్థితిలో ఉంటే అసలు లోను ఆగిపోవచ్చు. ఆఫర్ పెట్టాక విమానం ఎక్కొద్దు.

కాంటన్ గారు చెప్పిన జనవరి క్లోజింగ్ లెక్క సరైనదే, ఒక్క సవరణ. రేట్ లాక్ (వడ్డీ రేటు మారదని లెండరు ఇచ్చే గడువు) ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. పొడిగిస్తే ఫీజు పడుతుంది. ముందుగానే జనవరి తేదీకి సరిపడా లాక్ తీసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ట్రాయ్ నుంచి

మీ నాన్నగారికి చెప్పండి బాబూ, రిజిస్ట్రేషన్ వేరు, గృహప్రవేశం వేరు అని. మా మావగారు రాజమండ్రి నుంచి ఇలాగే పట్టుబట్టారండి. క్లోజింగ్ అంటే కాగితాల మీద సంతకాలే కదా, పాలు పొంగించడం మాఘమాసంలో మంచిరోజు చూసుకుని పెట్టుకుందాం అంటే ఒప్పుకున్నారు. ధనుర్మాసం, పుష్యం అని మనవాళ్ళు చాలామంది ఆ నెలన్నర ఇళ్ళ జోలికి రారు కాబట్టి తూర్పు ముఖం ఇంటికి మీకు పోటీ కూడా తగ్గుతుంది. మాఘం వచ్చిందంటే మాత్రం నోవై వెంకటేశ్వరస్వామి గుడిలోనూ, మా ట్రాయ్ భారతీయ టెంపుల్లోనూ పురోహితులు ఖాళీ ఉండరు. తేదీ అనుకోగానే ఫోన్ చేసేయండి.

హోమం ఇంట్లో చేస్తే పొగకి అలారంలన్నీ మోగుతాయి, కిటికీలు తీద్దామంటే బయట పది డిగ్రీల ఫారన్‌హీట్. అలాగని గరాజ్ తలుపు మూసుకుని కూర్చోకండి, ప్రమాదం. చిన్న కుండంతో క్లుప్తంగా కానిమ్మంటే మన పురోహితులకి ఇక్కడి సంగతి తెలుసు, చేసేస్తారు. వచ్చిన చుట్టాల కార్లు ఎక్కడ పెడతారో కూడా చూసుకోండి, మంచు పడిన రోజుల్లో వీధిలో పార్కింగ్ చాలా ఊళ్ళలో ఒప్పుకోరు.

వాస్తు అంటే గుర్తొచ్చింది. ఉత్తర ముఖం ఇల్లు మంచిదని వెతుకుతారు గానీ, ఇక్కడ చలికాలంలో సూర్యుడు దక్షిణాన తక్కువ ఎత్తులో ఉంటాడు. ఉత్తరం వైపు డ్రైవ్‌వే మీద ఇంటి నీడే పడి ఐసు నెలల తరబడి కరగదు. దక్షిణం వైపు వాళ్ళది మధ్యాహ్నానికి దానంతట అదే ఆరిపోతుంది. పెద్దవాళ్ళు వస్తారంటున్నారు కాబట్టి తూర్పు ముఖం దొరికితే రెండు విధాలా నయం. ఇంటికి అతుక్కుని ఉన్న గరాజ్ లేకపోతే అసలు చూడకండి.

స్కూలు మాట కూడా. నోవై అడ్రస్ అంటే నోవై స్కూళ్ళే అనుకోకండి. ఊరు ఒకటే అయినా వీధిని బట్టి వాల్డ్ లేక్, నార్త్‌విల్, సౌత్ లయన్ డిస్ట్రిక్టుల్లోకి వెళ్ళేవి ఉన్నాయి. ఆ ఇంటి నంబరుతో డిస్ట్రిక్ట్ ఆఫీసుకే ఫోన్ చేసి అడగండి.

ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి

అందరికీ చాలా థాంక్స్ అండి. నాన్నగారికి ట్రాయ్ అక్క మాట వినిపించాను, శాంతించారు. ఈ శనివారం నోవైలో 1998లో కట్టిన ఇల్లొకటి చూశాం, తూర్పు ముఖం. 4,80,000 అడుగుతున్నారు. అసెసర్ సైట్‌లో ఎస్‌ఈవీ 2,20,000, ట్యాక్సబుల్ 1,42,000 ఉంది. ఏసీ 2006 నాటిది. అమ్మేవాళ్ళు ఇప్పటికే ఒహాయో వెళ్ళిపోయారు, ఇల్లు ఖాళీ. డిసెంబరు 29న క్లోజింగ్ కావాలంటున్నారు. ఏమంటారు?

కాంటన్ నుంచి

ట్యాక్సబుల్, ఎస్‌ఈవీ తేడా 78,000. వెయ్యికి 35 వేసుకుంటే 2,730 డాలర్లు. జనవరి 5 అడుగు. వాళ్ళకి తొందర ఎందుకో తెలిసిపోతూనే ఉంది, రెండు చోట్ల కిస్తీలు కడుతున్నారు. ఆ వారం రోజుల వాళ్ళ వడ్డీ, కరెంటు, గ్యాస్ మేమే ఇస్తాం అని ఆఫర్‌లో రాయించు. అది కొన్ని వందలకి మించదు. అయినా వద్దంటే ఈ ఒక్క కారణానికి ఇల్లు వదులుకోకు, ఆదా అయ్యేది ఒక్క ఏడాదే.

ఏసీకి క్రెడిట్ (అమ్మేవాళ్ళు క్లోజింగ్‌లో ఇచ్చే సొమ్ము) అడిగితే అది క్లోజింగ్ ఖర్చుల్ని మించకూడదు, మించితే మిగిలింది నీకు రాదు. దానికంటే ధరలోనే తగ్గించమను. ఈలోగా ఎప్పుడైనా మంచు పడితే నోవై అన్నని కారెక్కించుకుని వెళ్ళు.

ఖాళీ ఇల్లు అన్నావు కాబట్టి, హీటర్ ఆన్‌లో ఉంచారా లేక పైపుల్లో నీళ్ళు తీసేసి మూసేశారా కనుక్కో. మూసేసి ఉంటే ఇన్‌స్పెక్షన్‌కి ముందు నీళ్ళు వదలమని రాయించు, పొడి పైపులు చూసి లాభం లేదు. క్లోజింగ్ ముందురోజు ఆఖరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు ప్రతి కుళాయి తిప్పు, ప్రతి ఫ్లష్ నొక్కు, తర్వాత బేస్‌మెంట్‌లోకి దిగి పైన సీలింగ్ చూడు. ఇన్‌స్పెక్షన్‌కీ క్లోజింగ్‌కీ మధ్య పైపు పగిలిన ఇళ్ళున్నాయి. అమ్మేవాళ్ళు రాష్ట్రం దాటిపోయారు కాబట్టి మన పేరు మీదికి వచ్చాక తిరిగి పిలిచినా పలకరు.

రిజిస్ట్రేషన్ అయ్యాక రెండు కాగితాలు. ప్రాపర్టీ ట్రాన్స్‌ఫర్ అఫిడవిట్ 45 రోజుల్లోపు అసెసర్‌కి చేరాలి. ప్రిన్సిపల్ రెసిడెన్స్ ఎగ్జెంప్షన్ (మనమే ఉండే ఇంటికి పన్ను మినహాయింపు) అఫిడవిట్ జూన్ 1 లోపు ఇవ్వాలి. ఇది లేకపోతే స్కూలు పన్ను 18 మిల్లుల దాకా అదనంగా పడుతుంది, ఈ ఇంటికి అన్‌క్యాప్ అయ్యాక ఏడాదికి దాదాపు 4,000. టైటిల్ కంపెనీ పంపిస్తుందిలే అని ఊరుకోకు, వారం తర్వాత సిటీకి ఫోన్ చేసి చేరిందో లేదో అడుగు.

జనవరిలో తాళాలు తీసుకుని మాఘంలో దిగుతానంటే ఆ మధ్య రోజులు ఇల్లు ఖాళీగా ఉంటుంది, అదీ గడ్డకట్టే చలిలో. ఇన్సూరెన్స్ వాళ్ళకి ఆ సంగతి ముందే చెప్పు, ఖాళీ ఇంటికి కొన్ని పాలసీలు పైపు పగిలితే డబ్బివ్వవు. థర్మోస్టాట్ 60కి తగ్గనివ్వకు, ఫోన్లో కనపడేది పెట్టుకుంటే ఇంకా మంచిది. మెయిన్ వాల్వ్ కట్టేసి కుళాయిలు తెరిచి పైపులు ఖాళీ చెయ్యి, సింకు కింద అల్మరా తలుపులు తీసి ఉంచు. మంచు పడినప్పుడల్లా డ్రైవ్‌వే, ముందున్న కాలిబాట ఎవరితోనైనా తీయించు. ముహూర్తానికి ముందురోజు రాత్రే వెళ్ళి వాల్వ్ తెరిచి, వాటర్ హీటర్ చూసి రా. తెల్లవారుజామున పురోహితుడు కలశానికి నీళ్ళడిగాక బేస్‌మెంట్‌లో వాల్వ్ కోసం వెతుక్కునే పని పెట్టుకోకు.